ఫొటోలో కనిపించే మనిషి

(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫొటో అనగానే మనకు గుర్తొచ్చేది పెన్షను కాగితాల మీద అంటించే దంపతుల జాయింట్ ఫొటో. ఫలానా మనిషి వీరేనని గుర్తించడమే దాని పని. నా సర్వీసులో అలాంటివి లెక్కలేనన్ని చూశాను. వాటివల్ల ఒక్కరి కష్టసుఖాలూ నాకు తెలియలేదు. ఈరోజు మరో రకం ఫొటోల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో ఎడ్గార్ థర్స్టన్ అనే దొర మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. దక్షిణ భారతంలోని కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు వెలువరించారు. వాటిలో సమాచారం చాలా ఉంది. కాని ఆయనది తలలు, ముక్కులు కొలిచే పద్ధతి. అలా తీసిన ఫొటోలో మనిషి ఒక నమూనాగా మిగిలిపోతాడు.

అదే 1909లో వియన్నాలో పుట్టారు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1939లో యుద్ధం వచ్చేనాటికి ఆయన మన దేశంలో ఉన్నారు. చేతిలో జర్మనీ పాస్‌పోర్టు. శత్రుదేశస్థుడని బ్రిటిషువారు ఆయనను హైదరాబాదు సంస్థానానికి పరిమితం చేశారు. ఆయన, భార్య బెట్టీ గారు ఆ కట్టడినే అవకాశంగా తీసుకున్నారు. 1940లో అమ్రాబాదు పీఠభూమిలో చెంచుల మధ్య, తర్వాత గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య, ఆదిలాబాదులో రాజగోండుల మధ్య మకాం పెట్టారు.

అక్కడ వారితో కలిసి ఉంటూ తీసిన ఫొటోలవి. గడ్డలు తవ్వుకునే ఆడవాళ్లు, విల్లంబులు పట్టిన మగవాళ్లు, బిడ్డను ఎత్తుకున్న తల్లులు. ఆ బిడ్డను చూస్తే మన ఇంటి మనవడే గుర్తొస్తాడు. అయినా చెంచులు మనకు పరాయివారా? వారి కొండల అంచున పారే కృష్ణమ్మే ప్రకాశం బ్యారేజీ దగ్గర మన కాలువల్లోకి వస్తున్నది. మనం మొక్కే శ్రీశైలం మల్లన్నను వారు అల్లుడని చెప్పుకుంటారు.

అయితే ఫొటో ఒక్కటే కూడు పెట్టదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీము కాల్పుల్లో మరణించాక, గోండుల కష్టాలను పరిశీలించమని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్ గారిని కోరింది. ఆయన కృషితో గోండులకు భూమి పట్టాలు వచ్చాయి. మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది, గోండీ వాచకాలు తయారయ్యాయి. 1970లలో మళ్లీ వచ్చి చూస్తే ఎన్నో భూములు చేతులు మారిపోయాయి. ఆ సంగతి 1982 నాటి పుస్తకంలో దాచకుండా రాశారు. పట్టా ఇచ్చి ఫైలు మూసేస్తే పని అయిపోదని మన ఆఫీసు వాళ్లకు వేరే చెప్పాలా?

బెట్టీ గారు 1987లో హైదరాబాదులో కన్నుమూస్తే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయారు. 2012లో ఆయన అస్థికలనూ తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఫొటోలు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. మనవలకు చెబితే సెల్‌ఫోనులో వెతికి చూపిస్తారు.

చివరిగా ఒక మనవి. మనం శ్రీశైలమో అరకో వెళ్లినప్పుడు అక్కడివారిని ఫొటో తీసేముందు వారి అనుమతి అడుగుదాం. పేరు తెలుసుకుని రాసుకుందాం. వీలైతే ఒక కాపీ వారికి చేరవేద్దాం. కింద 'గిరిజన స్త్రీ' అని రాస్తే అది రికార్డు అవుతుంది. ఆమె పేరు రాస్తే పరిచయం అవుతుంది.