ఎడారి సరస్సున పడవ విడిది

అమెరికాలో కొలరాడో నదిపై గ్లెన్ లోయయందలి ఆనకట్ట 1963లో నీటిని నిలుప నారంభింపగా, ఎడారి నడుమ పొవెల్ సరస్సు ఏర్పడెను. యుద్ధమున చేయి గోల్పోయియు, 1869లో నాలుగు పడవలతో ఈ నదిని శోధించిన జాన్ వెస్లీ పొవెల్ పేరే దీనికి బెట్టిరి.

నేడు యాత్రికులు పడవలపై ఎఱ్ఱని ఇసుకరాతి లోయలలోనికి బోయి, ఒడ్డున గుడారములు వేసికొందురు. అచటి నీడ మనోహరము. కాని ఎండిన వాగు గర్భమున బండుకొనరాదు. తలపై ఆకాశము నిర్మలముగా నున్నను, ఎచటనో కురిసిన వాన రాతినేల నింకక, ఇరుకు లోయలో ఒక్కుమ్మడిగా వచ్చిపడును. కావున మెరకను విడిది చేసి, పడవను మోకులతో గట్టిగా బంధింపవలెను.

కొండగోడలపై తెల్లనిచార పూర్వపు నీటిమట్టమును జూపుచుండును. సరస్సు నిండిన తరువాత ఎన్నడును లేనంతగా 2023లో నీరు తగ్గెను. మునిగిన లోయలు కొన్ని మరల బయల్పడెను. నిలువజేసిన నీరు తరుగని సొమ్ము కాదని, చెరువుల మంచిచెడ్డ లెఱిగిన మీకు వేఱుగ జెప్పనేల?