వర్తకునకు తగిన బ్రాడ్‌బ్యాండు



పూర్వము మన పల్లెలలో నూయి త్రవ్వింపదలచినవాడును, ఎడ్లను కొనదలచినవాడును ముందుగా పెద్దలయొద్దకు వచ్చి సలహా యడుగుట ఆచారము. నేడు మిరపకాయల వర్తకము చేయువాడు, కోల్డుస్టోరేజి పెట్టినవాడు, రైసుమిల్లు నడపువాడు వచ్చి, "మా వ్యాపారమునకు ఏ ఇంటర్నెట్టు పెట్టించుకొమ్మందురు?" అని యడుగుచున్నారు. మాకు తెలియదని తప్పించుకొనుట పెద్దరికమునకు తగదు. తెలిసినట్లు నటించి విన్న పేరొకటి చెప్పివేయుట అంతకన్నను తగదు. ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పిన నేను, ఉద్యోగవిరమణానంతరము నా పూర్వశిష్యుల వ్యాపారపు లెక్కలు చూచిపెట్టుచు ఈ విషయమును కొంత గ్రహించితిని. అందు కొంత పొరపాటు చేసి నేర్చుకొన్నది. ఆ పొరపాటును దాపరికము లేక చెప్పుదును.

శాస్త్రకారులు వస్తువునకు ముందు లక్షణము చెప్పి, పిమ్మట విచారణకు దిగుదురు. బ్రాడ్‌బ్యాండనగానేమి? మన దేశమున సామాన్యప్రజలకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీన లభించినది. 2004లో ప్రభుత్వమువారు సెకనుకు 256 కిలోబిట్ల వేగమున్న చాలును, అది బ్రాడ్‌బ్యాండే యనిరి. 2013లో దానిని 512 కిలోబిట్లు చేసిరి. 2023లో 2 మెగాబిట్లుండవలెనని నిర్ణయించిరి. కంపెనీలవారు నూరు, మున్నూరు మెగాబిట్లని చాటుచున్న ఈ కాలమున, శాసనము కోరు కనీసము రెండే. కావున బ్రాడ్‌బ్యాండను పేరు మాత్రము చూచి తృప్తిపడరాదు. ఆ పేరు వెనుక నేమున్నదో విచారింపవలెను.

సలహా యడుగ వచ్చినవానిని మనము మొట్టమొదట వేయవలసిన ప్రశ్న వేగమును గూర్చి కాదు. "నాయనా, ఒక గంటసేపు ఇంటర్నెట్టు ఆగిపోయినచో నీకు నష్టమెంత?" అని యడుగవలెను. చిల్లరకొట్టువాడు, "కొందరు రొక్కమిత్తురు, కొందరు రేపిత్తుమందురు, అంతకన్న నేమియు లేదు" అనును. వానికి చౌకయైన కనెక్షను చాలును. ఆగినపుడు చేతిలోని ఫోనే ఆదుకొనును. వానిచేత పెద్ద కనెక్షను పెట్టించుట వానికి ద్రోహము చేయుటయే. కోల్డుస్టోరేజివాడు, "సరకు నింపిన లారీ కదలదు, కెమేరాలు కానరావు, గదుల చలిని దూరమునుండి చూచు వీలుండదు" అనును. వాని సంగతి వేరు. నష్టమెంతయో తెలిసిన పిమ్మటనే, అందుకై నెలకెంత వ్యయము చేయవచ్చునో తేలును.

ఇక వేగమును గూర్చి. మీరందరు కాలువక్రింద సేద్యము చేసినవారు గాన ఆ పోలికతోనే చెప్పుదును. కాలువ వెడల్పెంత, వంతుదారులెందరు, విడిచిన నీరు చేనికి వచ్చుటకు పట్టు కాలమెంత అను మూడును చూడక ఏ రైతును పొలము కౌలునకు తీసికొనడు. ఇక్కడను అంతే.

వెడల్పును చెప్పునపుడు కంపెనీవారు బిట్లలో చెప్పుదురు. మన దస్త్రముల పరిమాణము బైట్లలో నుండును. ఒక బైటునకు ఎనిమిది బిట్లు. నూరు మెగాబైట్ల దస్త్రము, నూరు మెగాబిట్ల కనెక్షనుమీద ఒక్క సెకనులో రాదు. ఎనిమిది సెకనులు పట్టును. మరియు రాకయు పోకయు వేరు. మన యొద్దకు వచ్చుట డౌన్‌లోడు. మన యొద్దనుండి పోవుట అప్‌లోడు. ఇంటిలో చలనచిత్రములు చూచువానికి రాక ముఖ్యము. గిడ్డంగిలోని కెమేరాల చిత్రములను బయటికి పంపువానికి పోక ముఖ్యము. ఒక్కొక్క కెమేరా సెకనుకు 2 మెగాబిట్లు పంపునది యనుకొన్నచో, ఎనిమిది కెమేరాలకు 16 మెగాబిట్లు ఎడతెగక పోవుచుండవలెను. రాక నూరున్నను పోక పదియే యైనచో ఆ కనెక్షను వానికి పనికిరాదు. కావున రెండు సంఖ్యలను వేరువేరుగా వ్రాయించి తీసికొనుమని చెప్పవలెను.

వంతుల సంగతి. గ్రామములకు వచ్చుచున్న ఫైబరు వెండ్రుకవంటి గాజుతంతి. వెలుగే అందు వార్తాహరుడు. సామాన్యముగా వాడుకలోనున్న పద్ధతిలో ఒక తంతి సెకనుకు సుమారు 2,500 మెగాబిట్లు తెచ్చును. దానిని 32 లేక 64 ఇండ్లకు చీల్చుదురు. 64 ఇండ్లవారును ఒకేసారి నిండుగా వాడినచో ఒక్కొక్కరికి వచ్చునది సుమారు 39 మాత్రమే. అందరు ఒకేసారి వాడరు గనుక మామూలు దినములలో లోటు తెలియదు. సాయంకాలమున పిల్లలందరు ఇల్లు చేరి ఆటలు, బొమ్మలు చూచువేళ తెలియును. కావున పరీక్ష చేయువారు ఉదయము పదిగంటలకు చేసి సంతోషింపక, రాత్రి ఎనిమిది గంటలకు, పొరుగువాని ఇంటనున్న అదే కంపెనీ కనెక్షనుమీద చేసి చూడవలెను. వంతు లేకుండ తనకొక్కనికే విడిచిన కాలువ వంటిది లీజ్డ్‌లైను. దాని వెల పెక్కు రెట్లుండును. పెద్ద కార్యాలయములకు, ఆసుపత్రులకు తగును గాని ప్రతివానికి అక్కరలేదు.

కాలము సంగతి. ఆకసమున 36,000 కిలోమీటర్ల యెత్తున భూమితో పాటు తిరుగు ఉపగ్రహమునుండి వచ్చు కనెక్షను కొండప్రాంతములకు ఉపకారియే. అయినను మన ప్రశ్న పైకి పోయి క్రిందికి దిగవలెను. జవాబు మరల పైకి పోయి దిగవలెను. మొత్తము 1,44,000 కిలోమీటర్లు. వెలుగుకైనను అది సుమారు అరసెకను పని. ఉత్తరములకు ఇబ్బంది లేదు గాని మాటలాడునపుడు ఒకరి మాటమీద ఒకరి మాట పడును. అయిదారు వందల కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహములకు ఈ దోషము మిక్కిలి తక్కువ. నేలమీది ఫైబరునకు అంతకన్నను తక్కువ.

ఇప్పుడు నా పొరపాటును చెప్పుదును. గుంటూరు జిల్లాలో నా శిష్యుడొకడు మిరపకాయలకు కోల్డుస్టోరేజి కట్టెను. నన్నడుగగా నేను మిక్కిలి దూరాలోచన చేసినట్లు, "ఒక్క కంపెనీని నమ్మకుము. రెండు కంపెనీల కనెక్షనులు పెట్టించుకొనుము. ఒకటి పోయిన రెండవది యుండును" అంటిని. వాడట్లే చేసెను. కొన్ని నెలలు బాగుగనే సాగెను. ఒకనాడు రోడ్డు ప్రక్కన మంచినీటి గొట్టములకై పొక్లెయినుతో గొయ్యి త్రవ్వుచుండగా తంతి తెగెను. రెండు కనెక్షనులును ఒక్కసారే పోయెను. ఏమని విచారింపగా, ఆ రెండు కంపెనీల తంతులును ఒకే గోతిలో ప్రక్కప్రక్కన పరుండియున్నవి. ఊరి సెల్లు టవరునకు పోవు తంతియు అందే యుండుటచేత ఫోనులును మూగపోయెను.

ఆనాడు చెన్నపట్టణమునకు పోవలసిన లారీ సరకుతో నిండి నిలిచియున్నది. యాబదివేల రూపాయలకు మించిన సరకు కదలవలెనన్న ఈ-వే బిల్లు కావలెను. ఒక కుఱ్ఱవాడు మోటారుసైకిలుమీద పట్టణమునకు పోయి బిల్లు తీసి తెచ్చుసరికి సాయంకాలమయ్యెను. సరకు ఆలస్యముగా చేరినదని కొనువాడు ధరలో కోత పెట్టెను. నా శిష్యుడు నన్నొక్క పరుషవాక్యమైన ననలేదు. "మాస్టారూ, మీరు చెప్పినట్లే చేసితిని గదా" అని మాత్రమనెను. బడిలో తప్పు చెప్పిన పాఠమును మరునాడు దిద్దుకొనవచ్చును. ఆ కోతపడిన సొమ్మును నేను దిద్దలేకపోతిని. నేను రెండు పేర్లు చూచితిని. రెండు దారులు చూడనైతిని.

పిమ్మట మేమిద్దరము కంపెనీల పనివారిని వెంటబెట్టుకొని, గిడ్డంగి మొదలు తంతి వెంట నడచి చూచితిమి. ఒక కనెక్షనును అట్లే యుంచి, రెండవదానిని వేరొక దిక్కుననున్న టవరునుండి గాలిమార్గమున వచ్చునట్లు మార్చితిమి. ఆ టవరునకు తంతి వేరుదారిని వచ్చుచున్నదని ముందుగా నడిగి తెలిసికొంటిమి. నెలకొకసారి మొదటిదానిని కావలెనని ఆపి, రెండవది పని చేయుచున్నదో లేదో చూచుచున్నాము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొంటిమన్నమాట నిజమే. మీ చేతులు కాలకుండవలెనని ఇంత విపులముగ చెప్పితిని.

కరెంటు సంగతియు మరువరాదు. గాజుతంతికి విద్యుత్తు అక్కరలేదు గాని, దాని చివరనుండు పెట్టెకును రూటరునకును కావలెను. వానిని ఇన్వర్టరునకు తగిలింపవలెను. కంపెనీవారి ఊరిపెట్టెకు బ్యాటరీ కలదా, ఎన్ని గంటలు నిలుచును అని యడుగవలెను.

కంపెనీవారు, "నూటికి 99 పాళ్లు ఆగదు" అన్నచో వెంటనే తల యూపకుడు. ముప్పది దినముల నెలకు 720 గంటలు. అందు నూటికొక పాలనగా 7 గంటల 12 నిమిషములు. అంతసేపు ఆగినను వారు మాట తప్పినట్లు కాదు. 99.5 అన్నచో 3 గంటల 36 నిమిషములు. అర పాలునకే ఇంత భేదము. ఆ లెక్క ఒడంబడికలో వ్రాసియున్నదా, తప్పినచో సొమ్ము తగ్గింతురా, తెగిన తంతిని ఎన్ని గంటలలో అతుకుదురు అని చదివించి వినుడు. వెల చెప్పునపుడు 18 పాళ్ల జీఎస్టీ కలిపి చెప్పుమనుడు. బిల్లు వర్తకుని వ్యాపారనామమున, వాని జీఎస్టీ సంఖ్యతో నుండవలెను. చెడిపోయినపుడు నోటిమాటతో సరిపుచ్చక ఫిర్యాదు సంఖ్య పుచ్చుకొనవలెను. కింది అధికారి పట్టించుకొనకున్నచో, అదే కంపెనీలో అప్పీలు వినుటకు వేరొక అధికారి యుండవలెనను నియమము 2012 నుండి కలదు. ఫిర్యాదు సంఖ్య లేనివాని అప్పీలు నిలువదు.

అయ్యలారా, రేపు మీ అరుగుమీదికి ఒక వర్తకుడు వచ్చి అడిగినచో కంపెనీ పేరు చెప్పుటకు తొందరపడకుడు. గంట ఆగిన నష్టమెంతయో వానినే లెక్క వేయనిండు. పిమ్మట చేతికఱ్ఱ పుచ్చుకొని వానితో కూడ తంతి వెంట ఒక పర్లాంగు నడువుడు. కాలువగట్టుమీద నడచి గండిపడు చోటును ముందే పసిగట్టిన కన్నులు మీవి. ఆ చూపు ఇక్కడను పనికివచ్చును.