సంతృప్తం అనే మాట



ఈ రోజు మీకు ఒకే ఒక మాటను గురించి చెబుతాను. ఆ మాట "సంతృప్తం". ఇది రసాయన శాస్త్రంలోని మాట. కాని మన వంటింటిలోనూ దీనితో పని ఉన్నది. దీనిని సరిగా చెప్పలేక నేను ఒకసారి మా అమ్మను వారం రోజులు అర్ధాకలితో ఉంచాను. ముందు ఆ సంగతి వినండి.

కొన్నేళ్ళ కిందట మా అమ్మ ఇంగ్లండులోని మా ఇంటికి వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. వైద్యుడు ఆమెను పరీక్షించి, శాచురేటెడ్ కొవ్వు తగ్గించమన్నాడు. నేను నా పుస్తకాల తెలుగులో, "అమ్మా, సంతృప్తమైనది తగ్గించాలట" అన్నాను. ఆమె తల ఊపింది. ఆనాటి నుండి సగం అన్నం తిని లేచిపోయేది. మారు వడ్డించబోతే వద్దనేది. నెయ్యి మాత్రం మానలేదు. ఎనిమిదవ నాడు ఎందుకమ్మా అని అడిగితే, "తృప్తిగా తినకూడదని డాక్టరుగారు చెప్పారని నువ్వే అన్నావు కదరా!" అన్నది.

తప్పు ఆమెది కాదు, నాది. మాట చెప్పాను గాని అర్థం విప్పి చెప్పలేదు.

మరి దాని అర్థమేమిటి? తృప్తి అంటే మీకు తెలుసు. కడుపునిండా తిన్నవాడు విస్తరి మీద చేయి అడ్డం పెట్టి "ఇక చాలు" అంటాడు. అదే తృప్తి. దానికి ముందు "సం" చేరితే, బాగా తృప్తి పొందినది అని అర్థం. ఇంగ్లీషు మాట కూడా ఇటువంటిదే. లాటిన్ భాషలో "సాటుర్" అంటే కడుపు నిండిన అని అర్థం. శాచురేటెడ్ అనే మాట దాని నుండే పుట్టింది.

ఇప్పుడు శాస్త్రంలోకి వద్దాం. కర్బన పరమాణువుకు నాలుగు చేతులున్నాయనుకోండి. హైడ్రోజన్ పరమాణువుకు ఒకటే చేయి. రెండు కర్బనాలు ఒక్కొక్క చేతితో పరస్పరం పట్టుకుంటే, ఒక్కొక్కదానికి మూడేసి చేతులు మిగులుతాయి. ఆ ఆరు చేతులు ఆరు హైడ్రోజన్‌లను పట్టుకుంటాయి. ఇదే ఈథేన్ వాయువు. ఇందులో మరొక హైడ్రోజన్‌కు చోటు లేదు. కనుక ఇది సంతృప్తం.

అవే రెండు కర్బనాలు రెండేసి చేతులతో పట్టుకుంటే, నాలుగు హైడ్రోజన్‌లకే చోటుంటుంది. ఇది ఇథిలీన్. అరటిపండ్లు పండేటప్పుడు వెలువడే వాయువు ఇదే. ఆ జోడు పట్టును ద్విబంధం అంటారు. అందులో ఒక పట్టు విడిస్తే మరి రెండు హైడ్రోజన్‌లు చేరగలవు. విస్తరిలో ఇంకా చోటున్నది. కనుక ఇది అసంతృప్తం. ఇక్కడ అసంతృప్తం అంటే అలిగినది కాదు, చెడ్డదీ కాదు. చోటు మిగిలినది, అంతే.

మీ వంటింటిలో చూడండి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీలకు దిగువన గడ్డకడుతుంది. అందుకే ఈ దేశపు చలికి అది సీసాలో తెల్లగా బిగుసుకుంటుంది. పక్కనున్న నువ్వులనూనె మాత్రం జారుతూనే ఉంటుంది. కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాలలో నూటికి 80 పాళ్ళకు పైగా సంతృప్తమైనవి. వాటి గొలుసులు తిన్నగా ఉంటాయి. తిన్నని కట్టెలు మోపులో చక్కగా ఒదుగుతాయి కదా! నువ్వులనూనెలో అసంతృప్తమైనవే ఎక్కువ. ద్విబంధం దగ్గర గొలుసు వంగుతుంది. వంకర కట్టెలు మోపులో ఒదగవు.

స్టియరిక్ ఆమ్లంలోనూ, ఓలియిక్ ఆమ్లంలోనూ 18 కర్బనాలే ఉన్నాయి. ద్విబంధం లేని మొదటిది సుమారు 69 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒక ద్విబంధం ఉన్న రెండవది 13 డిగ్రీలకే కరుగుతుంది. ఒక్క ద్విబంధంతో ఎంత తేడా వచ్చిందో చూశారా?

జర్మనీకి చెందిన విల్హెల్మ్ నార్మన్, నికెల్ సాయంతో నూనెకు హైడ్రోజన్ చేర్చి గట్టిపరచే పద్ధతికి 1902లో పేటెంటు పొందాడు. మన దేశపు వనస్పతి ఈ పద్ధతితోనే తయారైంది.

ఈ మాటకు మరొక వాడుక కూడా ఉన్నది. గది వేడిమిలో 100 గ్రాముల నీటిలో సుమారు 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. ఆపైన వేసినది అడుగున నిలుస్తుంది. దానిని సంతృప్త ద్రావణం అంటారు. ఇక్కడ "చాలు" అన్నది నీరు, అక్కడ కర్బనం.

చివరికి మా అమ్మకు ఇలా చెప్పాను: "అమ్మా, నెయ్యి, వెన్న, కొబ్బరినూనె తగ్గించు. అన్నం మాత్రం తృప్తిగా తిను." ఆమె నవ్వి, "ఈ ముక్క ఆ రోజే చెప్పకూడదట్రా?" అన్నది.

ఈ దేశంలో అమ్మే ఆహారపు పొట్లాల మీద, కొవ్వు అన్న వరుస కింద "శాచురేట్స్" అని ఉంటుంది. రోజుకు పెద్దవారిలో స్త్రీలకు 20 గ్రాములు, పురుషులకు 30 గ్రాములు మించరాదని ఇక్కడి ఆరోగ్యశాఖ సలహా. ఈ సాయంత్రం ఆ వరుసను వెదకి, మీ అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో చదివి వినిపించండి. మాటను చెప్పి ఊరుకోకండి. అర్థం కూడా చెప్పండి. లేకపోతే వారు అర్ధాకలితో లేచిపోగలరు!