ముసలితనానికి ఒక ముడుపు



మా వల్లూరులో, మా యింటికి రెండిళ్ళవతల ఒక అవ్వ వుంది. డెబ్భై దాటింది. కాపురానికి వచ్చిననాడు పన్నెండు తులాల బంగారంతో వచ్చిన మనిషి. బంగారు అంగళ్ళకు పేరుపడ్డ ప్రొద్దుటూరు మనకు దగ్గరే కదా, పసుపు బాగా పండిన యేడు అక్కడికి వెళ్ళి ఇంకో జత గాజులు కూడా చేయించుకుంది. ఇవాళ ఆమె వంటిమీద చెవికమ్మలు తప్ప ఏమీ లేవు.

అవ్వ దుబారా మనిషి కాదు. గాజులు బోరు వేయించడానికి కుదువకు పోయాయి. బోరులో నీళ్ళు పడలేదు, గాజులు తిరిగి రాలేదు. హారం కూతురి పెళ్ళికి, గొలుసు కొడుకు చదువుకు. వీటిలో ఒక్కటైనా అనవసరపు ఖర్చని అనగలమా? అనలేం. కానీ తన ముసలితనం కూడా ఒక ఖర్చేనని ఆ యింట్లో ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

అదే యింట్లో ఇంకో సొమ్ము వుండేది. దేవుని గూట్లో పసుపుగుడ్డలో కట్టిన వెంకటేశ్వరస్వామి ముడుపు. కడప అంటేనే తిరుమలకు గడప అని మనవాళ్ళు చెప్పుకుంటారు కదా! బోరు ఎండినప్పుడు, బియ్యానికి చేబదులు తెచ్చుకున్నప్పుడు కూడా ఆ ముడుపు మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. “అదెట్లా నిలిచిందవ్వా?” అనడిగితే, “అది సామి సొమ్ము గదమ్మా, ఎవురడుగుతారు? నా సొమ్మైతే అందురిదీ” అని నవ్వింది.

ఆ మాట విన్నప్పటినుంచీ నాకు ఒకటే ఆలోచన. మనం పొదుపు చెయ్యడం చేతకాని వాళ్ళం కాము. 1992లో దూబగుంటలో మొదలైన సారా పోరాటం తర్వాత, మన పక్కనున్న నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచారు. ఆ దారిలోనే పొదుపు సంఘాలు వూరూరా వచ్చాయి. 2009లో అభయహస్తం పేరుతో ఆ రోజుకో రూపాయిని ముసలితనానికి మళ్ళించారు. సభ్యురాలు ఒక రూపాయి వేస్తే ప్రభుత్వం ఒక రూపాయి వేసేది, అరవై దాటాక నెలకు కనీసం 500 రూపాయలు రావాలి. ఆ పథకం అనుకున్న రూపంలో నిలవలేదు. ఆలోచన మాత్రం మంచిదే.

“ప్రభుత్వం పింఛను ఇస్తుంది కదా!” అంటారేమో. అవ్వకు వచ్చేదీ అదే. 2014 అక్టోబరుకు ముందు 200 రూపాయలుండేది, 2024 జూలై నుంచి 4,000 అయింది. ఒకటో తేదీ కోసం ఆమె ఎట్లా ఎదురుచూస్తుందో నేను చూస్తూనే వున్నాను. కానీ అది ఇంటి ఆదాయం, భూమి చూసి ఇచ్చేది. రేపు మీకు రావచ్చు, రాకనూ పోవచ్చు.

అందుకని మన ముడుపు మనం కట్టుకోవాలి. 2015లో వచ్చిన అటల్ పెన్షన్ యోజన ఇటువంటిదే. పద్దెనిమిది నుంచి నలభై ఏళ్ళ లోపు వాళ్ళు, ఆదాయపు పన్ను కట్టనివాళ్ళు, బ్యాంకులోగాని పోస్టాఫీసులోగాని చేరవచ్చు. అరవై ఏళ్ళ తర్వాత నెలకు 5,000 కావాలంటే, పద్దెనిమిదో ఏట చేరిన పిల్ల నెలకు 210 రూపాయలు కడితే చాలు. ముప్ఫయ్యో ఏట చేరితే 577. ముప్ఫైతొమ్మిదో ఏట అయితే 1,318. చూశారా, ఆలస్యం ఎంత ఖరీదైనదో! ఆమె తర్వాత భర్తకు అదే పింఛను వస్తుంది. ఆయన తర్వాత నామినీకి మూలధనం ముడుతుంది. మధ్యలో తియ్యడం కష్టం, తీస్తే లాభం తక్కువ. బోరు వేసేవాళ్ళు అడిగినప్పుడు ఆ కష్టమే మనకు అండ.

ఒక్కటి మాత్రం దాచకుండా చెప్పాలి. ధరలు యేటా నూటికి ఆరు చొప్పున పెరిగితే, ముప్ఫై ఏళ్ళకు ఆ ఐదువేలు ఇవాళ్టి ఎనిమిది తొమ్మిది వందల సరుకుకే వస్తాయి. కాబట్టి అదొక్కటే చాలదు. చేతిలో ఇంకాస్త మిగిలేవాళ్ళు పోస్టాఫీసులో పి.పి.ఎఫ్. ఖాతా తెరవండి. సంవత్సరానికి 500 వేసినా ఖాతా నడుస్తుంది, పదిహేనేళ్ళకు చేతికొస్తుంది. ఖాతాదారు చేసిన అప్పుల కోసం కోర్టు కూడా దాన్ని జప్తు చెయ్యడానికి వీల్లేదు. సేద్యపు అప్పులున్న మన యిళ్ళకు ఇంతకంటే ఏం కావాలి?

బంగారం వద్దని నేననడం లేదు, అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాలంటే అదే ఆదుకుంటుంది. కానీ వంటిమీద కనపడే సొమ్ము కాబట్టి మొదట అడిగేదీ దాన్నే. ఇక చీటీల సంగతి. 1982 చట్టం కింద రిజిస్టరైన చీటీయేనా అని అడగండి. అడిగినందుకు కోపం తెచ్చుకునే వాళ్ళ దగ్గర వెయ్యకండి.

అవ్వ మనవరాలికి ఇప్పుడు పందొమ్మిదేళ్ళు. పోయిన నెల నేనూ, ఆ పిల్లా కలిసి బ్యాంకుకు పోయి ఆ పింఛను పథకంలో చేర్పించి వచ్చాం. ఖాతాలోంచి నెలనెలా వాళ్ళే తీసుకుంటారు, ఆ తేదీకి డబ్బు లేకపోతే జరిమానా పడుతుంది కాబట్టి నాలుగు రోజుల ముందే వెయ్యమని చెప్పాను. యింటికొచ్చాక అవ్వ పాసుపుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, లేచి వెళ్ళి దేవుని గూట్లో ముడుపు పక్కన పెట్టింది.