మూతి కంటే ముందు కన్ను



ఏళ్ల తరబడి చీము కారే చెవికి ఆపరేషన్ చేయించుకుంటారు. లేదంటే చెవి కింద లేచిన గడ్డ తీయించుకుంటారు. మత్తు దిగి అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకు పోయి ఉంటుంది. పక్షవాతం కొట్టిందని ఊరంతా మాట పాకుతుంది. కానీ ఇది మెదడుకు వచ్చిన జబ్బు కాదు. ముఖాన్ని కదిలించే ఏడో నాడి చెవి లోపలి ఎముకలో సన్నని దారి గుండా వచ్చి, చెవి కింద లాలాజల గ్రంథిలో కొమ్మలుగా చీలుతుంది. అక్కడ కత్తి పెట్టిన డాక్టరు దాన్ని కాచుకుంటూనే పని చేస్తాడు. అయినా ఒక్కోసారి నాడి కమిలి వాస్తుంది. కేన్సర్ గడ్డ నాడిని పట్టేసి ఉంటే తెలిసే కోయాల్సి రావచ్చు.

అందుకే ఆపరేషన్ చేసిన డాక్టరును ముందుగా అడగండి: "సార్, నాడి తెగిందా, నిలిచుందా?" మొహమాటపడొద్దు, మిగతా వైద్యమంతా ఆ జవాబు మీదే నడుస్తుంది. చెవి చుట్టూ వేసిన మత్తు సూదికే ముఖం కొన్ని గంటలు కదలకపోవచ్చు. రెండు మూడు రోజుల తర్వాత మెల్లగా మొదలైన బలహీనత ఎక్కువగా వాపు వల్లే, చాలామందికి తగ్గిపోతుంది. మత్తు పూర్తిగా దిగినా మొదటినుంచీ కదలికే లేదంటే మాత్రం అక్కడే తేల్చమని పట్టుబట్టండి. వాపుకు స్టెరాయిడ్ మాత్రలు రాస్తే, షుగర్ ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇంట్లోవాళ్లందరూ మూతిని చూసి ఏడుస్తారు. నిజంగా ప్రమాదం ఉండేది కంటికి. రెప్ప మూతపడదు, నల్లగుడ్డు ఎండిపోతుంది. మన కర్నూలు, కడప జిల్లాల ఎండ సంగతి చెప్పనక్కర్లేదు. ఆషాఢంలో వీచే గాలి, బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ పట్టేటప్పుడు లేచే పొడి, శనక్కాయలు ఒలిచే మిషన్ దగ్గర దుమ్ము, వీటిలో దేనికైనా ఆ కన్ను నేరుగా ఎదురునిలుస్తుంది. పగలు డాక్టరు రాసిన కన్నీటి చుక్కలు మాటిమాటికీ వేసుకోవాలి, బయటికెళితే పక్కలు కూడా మూసే అద్దాలు పెట్టుకోవాలి. రాత్రి కింది రెప్ప లోపల ఆయింట్‌మెంట్ పెట్టి, పై రెప్పను వేలితో మెల్లగా దించి, పూర్తిగా మూసుకుందని ఇంకొకరు చూశాకే కాగితపు టేపు అతికించాలి. తెరిచి ఉన్న కంటి మీద దూది పెట్టి కట్టు కడితే దూది పోగులే గుడ్డును గీరేస్తాయి. కన్ను ఎర్రబడితే నొప్పి లేకపోయినా ఆగొద్దు, మెదడు దగ్గర గడ్డ తీసినవాళ్లకు కంటిలో స్పర్శే ఉండకపోవచ్చు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఆ రోజే వెళ్లండి. రెప్ప ఎంతకీ మూతపడకపోతే అందులో గ్రాము అటూఇటూగా బంగారు బిళ్ల అమర్చే చిన్న ఆపరేషన్ ఉంది. ఆ బరువుకు రెప్ప తనే దిగుతుంది.

తిండి విషయం. సంగటి ముద్ద దవడకూ చిగుళ్లకూ మధ్య ఇరుక్కుపోతుంది, మజ్జిగ మూతి చివర్నుంచి కారుతుంది. బాగున్న వైపు నమలండి, తిన్నాక వేలు పెట్టి దవడ శుభ్రం చేసుకోండి. పప్పు, బాబు, మామ అనే మాటలు సరిగా పలకవు, వేలితో పెదవి పట్టి ఒత్తితే పలుకుతాయి.

ఇక చేయకూడనివి. బెలూన్లు ఊదించడం, బలవంతంగా పళ్లు ఇకిలించడం వల్ల మేలు లేకపోగా, నాడి తప్పు దారిలో అల్లుకునే అవకాశం ఉంది. అప్పుడు కన్ను మూస్తే మూతి లాగుతుంది, అన్నం తింటుంటే కన్ను నీరు కారుతుంది. ముఖం కండలకు కరెంటు పెట్టించుకునే ముందు కూడా డాక్టరును అడగండి. అద్దం ముందు కూర్చుని చిన్న చిన్న కదలికలు, మెల్లగా, రోజూ చేయండి. పక్షవాతమనుకుని పావురం రక్తం రాయడం మాత్రం మానుకోండి. ఆ రక్తానికి నాడిని అతికించే గుణం లేదు, పావురం పోతుంది, అంతే.

తెగిన నాడి కొసలు కలిపి కుట్టినా రోజుకు ఒక మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుంది. చెవి నుంచి మూతి చివరకు అది చేరడానికి నెలలు పడుతుంది. అలాగని ఏళ్ల తరబడి ఊరికే కూర్చోకూడదు. తెగిన కొసలు ఒకదానికొకటి అందకపోతే కాలి పిక్క దగ్గర నుంచి నాడి ముక్క తీసి అతికిస్తారు, ఆ పని ఏడాదిలోపే జరగడం మేలు. ఆలస్యమైతే కండే ఎండిపోతుంది. ఖర్చుకు ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్యసేవ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ఆ పథకం సహాయకుడైన వైద్యమిత్రను అడగండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైనది అదే.

కొంగు అడ్డం పెట్టుకుని ఇంట్లోనే ఉండిపోయే ఆడవాళ్లు, పెళ్లిళ్లకు ముఖం చాటేసేవాళ్లు చాలామంది. వాళ్లను పలకరించండప్పా, కానీ "ఇంకా తగ్గలేదా" అని మాత్రం అడగొద్దు. నెలకోసారి ఫోన్‌లో చిన్న వీడియో తీయండి: నుదురు ముడవడం, కన్ను మూయడం, నవ్వడం, "బాబు" అనడం. వెలుతురు, కూర్చునే చోటు ప్రతిసారీ ఒకటే ఉండాలి. ఆరో నెలకు కూడా ఏ కదలికా లేదంటే ఆ వీడియోలన్నీ తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. ఇంకా ఎదురుచూడాలా, మళ్లీ ఆపరేషనా అన్నది ఆయన వాటిని చూసి తేల్చుకుంటాడు.