అప్పుల జైల్లో బంతాట



ఈ రెండు అచ్చుబొమ్మలు చూడండి. రెండూ లండన్‌లో అప్పు తీర్చలేనోళ్లని పెట్టిన ఫ్లీట్ జైలువే. 1869 చట్టం వచ్చేదాకా ఆ దేశంలో బాకీ పడ్డోళ్లని జైల్లో వేసేవాళ్లు.

1808 నాటి రౌలాండ్‌సన్, పూజిన్‌ల బొమ్మలో ఆవరణ నిండా జనం, బంతాట, కబుర్లు. మేము మొదట తిరనాళ్లనుకున్నాం.

ఇక హోగార్త్ 1735లో వేసింది చూడండి. దివాలా తీసినోడు కూలబడ్డాడు. జైలు బంట్రోతు లెక్కల పుస్తకం పట్టుకొని మామూలు అడుగుతున్నాడు. బీరు తెచ్చిన కుర్రాడూ డబ్బుకోసమే నిలబడ్డాడు. అప్పు కట్టలేక లోపలికొచ్చినోడి దగ్గర గదికి అద్దె, బంట్రోతుకు రుసుము! ఇదేం న్యాయమని మేము అడుగుతున్నాం. బాకీ తీరినా రుసుము కట్టలేక లోపలే ఉండిపోయినోళ్లున్నారు.

జైల్లోపలా ఊరు వేరు, వాడ వేరు. డబ్బున్నోడికి విడిగది. లేనోడు వీధివైపు ఊచల్లోంచి బిచ్చమెత్తాలి. బంతాట బొమ్మలో వాడు లేడు.

పెళ్ళాం పిల్లలూ అక్కడే కాపురం. రచయిత డికెన్స్ తండ్రిని 1824లో మార్షల్సీ అనే ఇంకో అప్పుల జైల్లో పెట్టారు. తల్లి, చిన్నపిల్లలు ఆయన వెంట లోపలికెళ్లారు. 12 ఏళ్ల డికెన్స్ బయట బూటుపాలిష్ కార్ఖానాలో డబ్బాలకు కాగితాలు అతికించి, ఆదివారాలు జైలుకెళ్లి అయినోళ్లని చూసొచ్చేవాడు.