వ్యవసాయ శాఖ నుండి టెస్టు మైదానమునకు
(విశాఖపట్నమున పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



నేడు ఇంటిపన్నును గురించి గాని, వీధి దీపములను గురించి గాని చెప్పుటకు మేము రాలేదు. ఒక ఆటగాని కథ చెప్పదలచితిమి. మధురవాడ కడ నున్న పెద్ద క్రీడాంగణమును మీలో పలువురు చూచియే యుందురు. 2016లో అచ్చట మొదటి టెస్టు పోటీ జరిగినది. నేడు టెస్టు ఆడువారికి ఆటయే జీవనోపాధి. మేము చెప్పబోవు పెద్దకు అట్లు గాదు. ఆయన సర్కారు ఉద్యోగి. అందునా వ్యవసాయ శాఖలో అధికారి.

ఆయన కోటా రామస్వామి గారు. 1896 జూన్ నెలలో మద్రాసున తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి బుచ్చిబాబు నాయుడు గారు దక్షిణాదిన మనవారి క్రికెట్టుకు ఆద్యులు. మాతామహులు దత్తత చేసికొనుటచే కుమారునికి కోటా వారి ఇంటిపేరు వచ్చినది. కేంబ్రిడ్జిలో చదివి, 1922లో డేవిస్ కప్పు టెన్నిసున భారతదేశము తరపున ఆడిరి. ఉద్యోగము మద్రాసు ప్రభుత్వ వ్యవసాయ శాఖలో. ఆనాడు మన విశాఖ జిల్లాయు ఆ రాష్ట్రములోనిదే. అనకాపల్లి చెరకు పరిశోధన క్షేత్రము 1913లో వెలసినదియు ఆ ఏలుబడిలోనే. రాజ్యాంగపు 11వ షెడ్యూలున పంచాయతీలకు చెప్పిన 29 అంశములలో మొదటిది వ్యవసాయము గదా! కావున ఆయన మీకు పరాయివారు కారు.

1936లో మన జట్టు ఇంగ్లండు వెళ్లినది. నాయకులు విజయనగరం మహారాజకుమార్. తరువాతి కాలమున విశాఖపట్నము నుండి లోక్‌సభకు ఎన్నికైనవారు. ఆ యాత్రలో లాలా అమర్‌నాథ్ గారిని నడుమనే ఇంటికి పంపివేసిరి. ఆ కలహముతో మనకు పనిలేదు. మాంచెస్టరులో రామస్వామి గారు తొలి టెస్టు ఆడునాటికి వారికి 40 ఏండ్లు నిండినవి. మనవారు 203 పరుగులకే ముగించిరి, అందు ఆయనవి 40. ఇంగ్లండు 8 వికెట్లకు 571 చేసినది. 368 పరుగుల వెనుకబాటు! అంతట విజయ్ మర్చంట్, ముష్తాక్ అలీ గార్లు తొలి జోడీగా 203 పరుగులు చేసిరి. ఎడమచేతి వాటముగల మన వ్యవసాయాధికారి 60 చేసిరి. 5 వికెట్లకు 390; ఓటమి తప్పినది. ఓవల్ మైదానమున 29, ఆపై అజేయముగా 41. రెండు టెస్టులలో 170 పరుగులు. పిదప 1946 వరకు మన జట్టుకు టెస్టు పోటీయే లేకపోయినది; అప్పటికి ఆయనకు 50 ఏండ్లు. 1952-53లో వెస్టిండీసు వెళ్లిన జట్టుకు మేనేజరుగా ఉండిరి. 1985 అక్టోబరు 15న, 89 ఏండ్ల వయస్సున, మద్రాసులోని ఇల్లు విడిచి వెళ్లి మరల తిరిగి రాలేదు.

ఒక గ్రామమున ఈ కథ చెప్పితిమి. అచ్చట ఆటస్థలమని రికార్డులో వ్రాసిన చోట పెంటకుప్పలు పోసియున్నవి. పిల్లలు కోత కోసిన మళ్లలో ఆడుచున్నారు. ఊడ్పులు మొదలైన నాడు ఆటకు సెలవే. “ఇంతకూ ఆయన ఎక్కడ ఆడి నేర్చిరండీ?” అని ఒక వృద్ధ సభ్యుడు ప్రశ్నించినాడు. బుచ్చిబాబు గారి లజ్ హౌస్ ఆవరణలోనే ఆటకు చోటు ఉండెడిదని చెప్పితిమి. ఆయన కొంతసేపు మాటాడలేదు. “అయితే మా పిల్లలకు ఉన్నది ఆ పెంటదిబ్బ ఒక్కటే నన్నమాట” అనినాడు.

కుప్పలు తీయించినారా యని మీరు అడుగవచ్చును. సగము తీసినారు. తక్కిన సగము ఎవరి పొలమునకు తోలవలెనో ఇంకను తేలలేదట.